తలవ్రాతయు ఉప్పుకల్లును



మన పల్లెలలో ఒక మాట తఱచుగా వినబడుచుండును. ఒక యింట బిడ్డకు మాటలు రాక, చెవులు వినబడక, ఈడు వచ్చినను బుద్ధి యెదుగక యున్నచో, ఇరుగుపొరుగువారు "పాపము, దాని తలవ్రాత" అందురు. తల్లి కన్నీరు తుడుచుకొని యూరకుండును. పెద్దలును ఆ మాటతోనే ఆ సంగతిని ముగింతురు. నేడు నేను తమతో మనవి చేయదలచినది ఈ తలవ్రాతను గుఱించియే. తలలో వ్రాత యున్నదనుట అబద్ధము కాదు. శిశువు తల్లికడుపులో నుండగనే దాని తలలో ఒక వ్రాత వ్రాయబడుచున్నది. అయితే ఆ వ్రాత యే సిరాతో వ్రాయబడుచున్నదో, ఆ సిరా యెచ్చటనుండి వచ్చుచున్నదో, గడచిన నూఱు సంవత్సరములలో శాస్త్రజ్ఞులు చాలవఱకు తెలిసికొనిరి. ఆ సిరాలలో ఒకటి మన వంటయింటి ఉప్పుజాడీలో నున్నది. ఈ సంగతి తెలిసిన పిమ్మటకూడ ప్రతి బిడ్డ విషయమునను "తలవ్రాత" యని చేతులు ముడుచుకొని కూర్చుండుట మనకు తగదని నా విన్నపము.

మొదట మెదడు ఏర్పడు తీరును సంగ్రహముగా చెప్పెదను. గర్భము నిలిచిన మూడవ వారమున పిండము నువ్వుగింజకంటె పెద్దది కాదు. అప్పుడే దాని వీపుభాగమున ఒక పలుచని పొర మడతపడి, తమలపాకు చుట్టినట్లు చుట్టుకొని, గొట్టమగును. నాలుగవ వారము ముగియునప్పటికి ఆ గొట్టము మూసికొనును. దాని పైకొన ఉబ్బి మెదడగును. తక్కిన భాగము వెన్నుపామగును. తాను గర్భవతినని తల్లికి రూఢిగా తెలియకముందే ఈ పని జరిగిపోవుచున్నది.

పెరిగిన మనుష్యుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవు. మెదడు పైపొరలోని నాడీకణములు ఇంచుమించుగా అన్నియు శిశువు పుట్టుటకు ముందే పుట్టినవి. ఇవి పుట్టినచోటనే యుండిపోవు. ప్రతి కణమును ప్రయాణము చేసి తన స్థానమును చేరవలెను. చేరిన పిమ్మట సన్నని పోగు నొకదానిని సాచి, తనకు తగిన మఱియొక కణమును వెదకి దానితో ముడిపడవలెను. కంటినుండి బయలుదేరిన పోగు చూపునకు సంబంధించిన చోటికే పోవలెను. చెవినుండి బయలుదేరినది వినికిడి చోటికే పోవలెను. త్రోవ తప్పినచో పని చెడును.

మనము ఇల్లు కట్టించునప్పుడు మేస్త్రి యుండును. అతడు దారము పట్టి గోడ నిలువు చూచును. ఇచ్చట ద్వారబంధము నిలుపుము, అచ్చట కిటికీ పెట్టుమని కూలీలకు చెప్పును. తల్లికడుపులో ఇన్ని కోట్ల కణములకు పని చెప్పు మేస్త్రి యెవడు? ఒక్క మేస్త్రియు లేడు. కణములు ఒకదానితో నొకటి మాటలాడుకొనును. వాని మాటలు రసాయనపదార్థములు. ఒక కణము కొంత పదార్థమును వెలువరించును. పొరుగుకణము దానిని గ్రహించి, తాను చేయవలసిన పని తెలిసికొనును. వీనిని మనము సంకేతద్రవ్యములని పిలుచుకొందము.

ఈ రహస్యమును మొదట స్పష్టముగా చూపినది జర్మనీదేశమందలి ఫ్రైబుర్గు పట్టణమున జరిగిన యొక పరిశోధన. హాన్స్ స్పేమన్ అను పండితుడును, ఆయన శిష్యురాలు హిల్డె మాంగోల్డ్ అను యువతియు, నీటిలో నివసించు బల్లివంటి ప్రాణుల పిండములపై పనిచేసిరి. ఒక పిండమునుండి కంటి కానని యంతటి చిన్న తునకను తీసి, వేఱొక పిండపు పొట్టభాగమున అతికించిరి. కొన్ని దినములకు ఆ పొట్టభాగమున రెండవ వెన్నును, రెండవ తలయు మొలిచెను. ఒక్క దేహమునకు అంటుకొనిన కవలపిల్లవలె అది యుండెను. ఇందులో ముఖ్యమైన సంగతి యేమనగా, ఆ క్రొత్త మెదడు అతికించిన తునకనుండి పుట్టినది కాదు. చుట్టునున్న కణములే, పొట్టచర్మము కావలసినవే, మెదడుగా మాఱెను. ఆ తునక వానికి ఏదో వార్త నందించెనన్నమాట. ఈ వ్యాసము 1924లో ప్రకటింపబడెను. ఆ యేడే హిల్డె మాంగోల్డ్ అగ్నిప్రమాదమున మరణించెను. అప్పటికామె వయస్సు 25 సంవత్సరములు. స్పేమన్ గారికి 1935లో నోబెల్ బహుమానము వచ్చెను.

ఆ వార్త యేమో తెలియుటకు మఱి డెబ్బది యేండ్లు పట్టినది. 1990 తరువాత దానిని కనుగొన్నపుడు పండితులే ఆశ్చర్యపడిరి. "నీవు మెదడు కమ్ము" అని చెప్పు ద్రవ్యమును వారు వెదకుచుండిరి. దొరికినవి వేఱు. పిండములోని కణములకు "చర్మము కండు, చర్మము కండు" అని యెడతెగక ఒక సంకేతము వచ్చుచుండును. ఆ తునకనుండి వెలువడు ద్రవ్యములు ఆ సంకేతమును అడ్డగించును. ఆ గోల వినబడని చోటి కణములు మెదడుగా మాఱును. ఒక మాటను ఆపుటకూడ ఒక మాటయే యని దీనివలన తెలియుచున్నది.

ఇక ఒక సందేహము కలుగవచ్చును. ఒకే ద్రవ్యము వేర్వేఱు కణములకు వేర్వేఱు పనులెట్లు చెప్పగలదు? కృష్ణా గోదావరి కాలువల క్రింద సేద్యము చేయువారికి దీనిని వేఱుగ చెప్పనక్కఱలేదు. తూము దగ్గఱి పొలమునకు నీరు నిండుగా నుండును. నడిమి పొలమునకు కొంత తగ్గును. చివరి భూములకు చాలీచాలక వచ్చును. తన చేనికి వచ్చు నీటిని చూచి రైతు తానెచ్చట నున్నాడో తెలిసికొని, వరి వేయవలెనా, మినుము చల్లవలెనా యని నిర్ణయించుకొనును. కణములును అట్లే. సంకేతద్రవ్యము పుట్టుచోట చిక్కగా నుండును, దూరమైనకొలది పలుచనగును. తనకందిన పాలునుబట్టి ప్రతి కణమును తన స్థానమును, తన వృత్తిని నిర్ణయించుకొనును.

ఆ నీరు సకాలమున రానిచో ఏమగును? దీనికి గొఱ్ఱెల మందలనుండి ఒక నిదర్శనము చెప్పెదను. అమెరికాలోని ఐడహో రాష్ట్రమున 1950 ప్రాంతమున గొఱ్ఱెలకాపరులకు ఒక వింత యాపద వచ్చెను. వారి మందలలో నుదుటి నడుమ ఒక్కకన్ను మాత్రమే గల పిల్లలు పుట్టుచుండెను. ప్రభుత్వ పరిశోధకులు మందలను కనిపెట్టి చూడగా తుదకు తేలినది ఇది. కొండమీద పెరుగు లిల్లీజాతి మొక్క యొకటి కలదు. దానిపేరు వెరాట్రమ్. చూలు నిలిచిన 14వ దినమున ఆ మొక్కను మేసిన గొఱ్ఱెలకు అట్టి పిల్లలు పుట్టుచుండెను. మెదడును రెండు భాగములుగాను, కన్నులను రెండుగాను విడదీయు సంకేతద్రవ్యము హెడ్జిహాగ్ అను పేరు గలది. మొక్కలోని విషము ఆ సంకేతమును కణములు గ్రహింపకుండ జేయునని 1998లో విశదమయ్యెను. తల్లిగొఱ్ఱె జబ్బుపడలేదు. పిల్ల రక్తమున దోషము లేదు. ఒక దినమున ఒక మేత, అంతియే. తల్లి తినినది బిడ్డ మెదడులోని వ్రాతను మార్చగలదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

కణము తన స్థానమును చేరిన పిమ్మట పోగును సాచునని చెప్పితిని. ఆ పోగునకు త్రోవ చూపునవి కూడ సంకేతద్రవ్యములే. బెల్లపుముక్క వాసనను పట్టి చీమలబారు గోడవెంట నడచినట్లు, పోగుకొన ఆ ద్రవ్యము చిక్కగానున్న వైపునకు ప్రాకును. అట్టి ద్రవ్యము నొకదానిని 1994లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగర పరిశోధకులు కనుగొని, దానికి నెట్రిన్ అని పేరిడిరి. ఆ పేరు మన సంస్కృతపదమగు నేతృశబ్దమునుండి వచ్చినది. త్రోవ చూపి నడిపించువాడని దాని యర్థము. మనము నాయకుని నేత యని పిలుచుచున్నాము గదా. ఆ మాటయే దేశాంతరమున మెదడులోని మార్గదర్శికి పేరయ్యెను.

త్రోవ చేరిన కణమునకు బ్రదుకుటకు కూడ ఒక సంకేతము కావలెను. దీనిని కనుగొన్నది ఇటలీదేశస్థురాలగు రీటా లేవీ మొంటాల్చీనీ. 1938లో ఆ దేశపు ప్రభుత్వము యూదులను విశ్వవిద్యాలయములనుండి వెడలగొట్టగా, ఆమె ట్యూరిన్ నగరమున తన యింటి పడకగదిలోనే చిన్న పరిశోధనాలయము నేర్పఱచుకొని, కుట్టుసూదులను సానపట్టి పనిముట్లుగా జేసికొని, కోడిగ్రుడ్లలోని పిండములపై పరిశోధించెను. యుద్ధానంతరమున అమెరికాకు పోయి, 1950 తరువాత స్టాన్లీ కోహెన్ అను రసాయనశాస్త్రజ్ఞునితో కలసి, నాడీకణములను పెంచు ద్రవ్యమును పట్టుకొనెను. ఆ ద్రవ్యము వారికి పాముల విషములోను సమృద్ధిగా దొరికెను! నారుమడిలో మొలకలు కావలసినదానికంటె ఎక్కువగా నుండును. నాడీకణములును అట్లే అధికముగా పుట్టును. చేరవలసిన చోటు చేరి ఈ పోషకసంకేతమును పొందినవి నిలుచును, పొందనివి రాలిపోవును. వారిరువురకు 1986లో నోబెల్ బహుమానము లభించెను.

ఇంతవఱకు చెప్పినవన్నియు ఇరుగుపొరుగు కణములు తమలో తాము చెప్పుకొను మాటలు. ఇవి సాధారణముగా మన చేతిలోనివి కావు. ఇప్పుడు మన చేతిలోనున్న దానికి వచ్చుచున్నాను. దూరమునుండి, తల్లి దేహమునుండి, శిశువు మెదడునకు ఒక వార్త రావలసియున్నది. ఆ వార్తను పంపునది మెడముందు సీతాకోకచిలుకవలె రెక్కలు చాచుకొనియున్న చిన్న గ్రంథి. దీనిని థైరాయిడ్ గ్రంథి యందురు. ఇది వాచినప్పుడే గళగండ మేర్పడుచున్నది. ఈ గ్రంథినుండి రక్తములో కలియు ద్రవ్యమునకు థైరాక్సిన్ అని పేరు. అమెరికా శాస్త్రజ్ఞుడు కెండాల్ 1914 డిసెంబరు 25వ తేదీన దీనిని స్ఫటికరూపమున వేఱుచేసెను.

దీని మహిమ తెలియుటకు మన చెఱువుగట్టునకు పోవుదము. తోకతో చేపపిల్లలవలె ఈదులాడు కప్పపిల్లలను మీరందఱును చూచియుందురు. కొన్నివారములకు వానికి కాళ్లు మొలిచి, తోక తఱిగి, కప్పలగును. 1912లో గుడర్నాచ్ అను పండితుడు ఆ పిల్లలకు థైరాయిడ్ గ్రంథి ముక్కలను తినిపించెను. అవి పెరుగుటకు ముందే కప్పలై, ఈగయంతటి కప్పలుగా బయటికి గెంతెను. పిమ్మట ఇతరులు కప్పపిల్లలలోని ఆ గ్రంథిని తొలగించి చూచిరి. అవి యెంత పెరిగినను కప్పలు కాలేదు. తోకలతో అట్లే యుండిపోయెను. ఒకే ద్రవ్యము! ముందుగా నెక్కువైనను చేటు, లేకున్నను చేటు. సంకేతము వచ్చిన చాలదు. తగిన కాలమున, తగిన పాలున రావలెను.

మనుష్యశిశువు మెదడులోను ఇదే థైరాక్సిన్ పనిచేయుచున్నది. అది కణములోనికి చొచ్చి, నడిమి బీజమును చేరి, అచ్చట తాళములో తాళపుచెవి యిమిడినట్లు ఇమిడి, వంశసూత్రములలోని కొన్ని యాజ్ఞలను తెఱచును, కొన్నిటిని మూయును. దానివలన నాడీకణములు తమ వరుసలకు చేరును. పోగులపై క్రొవ్వుతొడుగు ఏర్పడును. కణమునకు కణమునకు ముడులు పడును. చెవిలోపలి వినికిడి యంత్రము సిద్ధమగును. గర్భములోని మొదటి మూడు నెలలును శిశువునకు తన గ్రంథి పనిచేయదు. నాలుగైదు నెలలు వచ్చువఱకు ముఖ్యముగా తల్లి రక్తమునుండి వచ్చు థైరాక్సినే దిక్కు. పుట్టిన తరువాత మొదటి రెండుమూడు సంవత్సరములును ఈ పని సాగుచునే యుండును.

ఈ థైరాక్సిన్ తయారగుటకు అయొడిన్ అను ధాతువు కావలెను. దీనిని 1811లో ఫ్రాన్సుదేశమున కూర్‌త్వా అనునతడు సముద్రపునాచు బూడిదనుండి కనుగొనెను. మనకు కావలసిన పరిమాణము మిగుల స్వల్పము. గ్రాములో పదిలక్షలవ వంతును మైక్రోగ్రాము అందురు. పెద్దవారికి దినమునకు 150 మైక్రోగ్రాములు చాలును. గర్భిణికిని పాలిచ్చు తల్లికిని 250 కావలెను. డెబ్బది యేండ్ల జీవితమునకు లెక్కవేసినను ఒక చిన్న చెంచాకు మించదు. కాని ఆ చెంచాడును ఒక్కనాడు మ్రింగి నిలువ చేసికొనుటకు వీలులేదు. దినదినమును కొంచెముగా అందవలెను.

నేలలో అయొడిన్ ఉన్నచో పైరులోనికిని, పైరునుండి మనలోనికిని వచ్చును. వానలు, వఱదలు, కరగిన మంచునీరు వేలయేండ్లుగా నేలలోని అయొడిన్‌ను కడిగి సముద్రము పాలు చేసినవి. అందుచేత కొండప్రాంతములలోను, వఱదభూములలోను ఇది కొఱతపడును. అట్టి యూళ్లలో గళగండము లెక్కువ. గళగండము కంటికి కనబడు గుర్తు. కనబడని నష్టము గర్భములోని మెదడునకు కలుగును. కొఱత తీవ్రమైనచో శిశువు చెవిటిమూగయై, పొట్టియై, మందబుద్ధియై పుట్టును. కొఱత స్వల్పమైనచో బిడ్డ చూచుటకు బాగుగనే యుండును. కాని చదువులో వెనుకబడును. ఆ వెనుకబాటును మనము సోమరితనమని తిట్టుచుందుము.

ఇచ్చట సముద్రతీరపు పెద్దలు "మేము సముద్రపుటుప్పే తినుచున్నాము గదా, మాకేమి కొఱత?" అని యడుగవచ్చును. ఈ ప్రశ్న న్యాయమైనది. కాని లెక్క వేఱుగా నున్నది. ఒక లీటరు సముద్రజలమున సుమారు 35 గ్రాముల లవణము కలదు. అది మనకు కొన్ని దినములకు వచ్చును. ఆ జలములోని అయొడిన్ సుమారు 60 మైక్రోగ్రాములు మాత్రమే. అదియంతయు ఉప్పులో నిలిచినను ఒక్క దినమునకు కావలసినదానిలో సగమైనను కాదు. నిజమునకు మడులలో ఉప్పు కట్టునప్పుడు దానిలో చాలభాగము పోవును. కావున నౌపడ మడులలో పండిన తెల్లని రాళ్లుప్పైనను, అయొడిన్ కలుపనిచో ఈ విషయమున మనలను కాపాడలేదు.

ఉప్పులో అయొడిన్ కలుపు పద్ధతి 1922లో స్విట్జర్లాండు దేశమున ఆరంభమయ్యెను. అచ్చటి కొండలోయలలో గళగండములును, చెవిటిమూగ శిశువులును తరతరములుగా ప్రసిద్ధులు. ఉప్పు మారిన కొలది సంవత్సరములకే అట్టి శిశువులు పుట్టుట నిలిచిపోయెను. మనదేశమున ఈ మార్గమును నిరూపించినవారిలో ప్రముఖులు మన తెలుగువారు. 1921లో శ్రీకాకుళమున జన్మించి, విశాఖపట్టణమున వైద్యవిద్య నభ్యసించిన వులిమిరి రామలింగస్వామిగారు తమ సహచరులతో హిమాలయపాదమందలి కాంగ్రా లోయలో 1956లో ఒక పరీక్ష నారంభించిరి. ఇంచుమించుగా లక్ష జనము గల ఆ ప్రదేశమును మూడు భాగములు చేసిరి. రెండు భాగములకు అయొడిన్ కలిపిన ఉప్పును, మూడవ భాగమునకు మామూలు ఉప్పును పంపిరి. ఆఱు సంవత్సరముల పిమ్మట 1962లో పరీక్షింపగా, అయొడిన్ అందిన రెండు భాగములలోను గళగండములు చాల తగ్గియుండెను. మూడవ భాగమున అట్టి మార్పు లేదు. అవే కొండలు, అదే నీరు, అవే కులములు, అవే దేవతలు. ఉప్పు మాత్రమే వేఱు. ఆ యేడే దేశమంతటికి గళగండనివారణ కార్యక్రమము ప్రారంభింపబడెను. మన మన్యప్రాంతములలోను ఈ వ్యాధి గుర్తింపబడినది.

అయొడిన్ కొఱత తల్లివలన బిడ్డకు వచ్చు నష్టము. ఇంకొకటి కలదు. తల్లికి ఏ కొఱతయు లేకున్నను, కొందఱు శిశువులకు పుట్టుకతోనే థైరాయిడ్ గ్రంథి లేకపోవుటయో, సరిగా పనిచేయకపోవుటయో జరుగును. లోకమున రెండుమూడువేల శిశువులలో ఒకరికి ఇట్లుండును. మనదేశమున అంతకంటె ఎక్కువగ కనబడుచున్నది. దీనిని గుఱించి నా యనుభవమొకటి చెప్పెదను.

నేను వైద్యవృత్తిలో క్రొత్తగా ప్రవేశించిన దినములలో, ఒక పెద్దమనిషి మూడేండ్ల మనుమరాలిని భుజముపై వేసికొని వచ్చెను. ఆ పిల్ల నడువదు, మాటలాడదు. చర్మము పొడిగా నుండెను, నాలుక మందమై వెలికి వచ్చుచుండెను, ముఖము ఉబ్బియుండెను. పసితనమున ఎట్లుండెడిదని యడిగితిని. ఆయన ముఖము వికసించెను. "పుట్టినప్పుడు ఎంత నెమ్మదో, బాబూ! పాలకోసమైనా ఏడ్చి యెఱుగదు. ఎప్పుడూ నిద్రే. బంగారుతల్లి అని ఊరంతా మెచ్చుకొన్నారు" అనెను. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికిని మఱపునకు రాదు. ఏ నెమ్మదిని ఊరంతయు మెచ్చుకొనెనో, ఆ నెమ్మదియే వ్యాధి. ఆకలికి ఏడ్చుటకైనను ఆ బిడ్డ దేహమున చాలినంత థైరాక్సిన్ లేదు. ఏడాది వయస్సున వారు ఒక వైద్యునకు చూపిరట. "కొందఱు పిల్లలకు మాటలు ఆలస్యముగ వచ్చును" అని యతడు పంపివేసెనట.

రక్తపరీక్ష చేయించి మందు నారంభించితిమి. ఆ మందు చిన్న మాత్ర, దినమునకొకటి. నెలలు గడచునప్పటికి ముఖపు వాపు తీసెను, పిల్ల నడిచెను, ఎత్తు పెరిగెను, కొన్ని మాటలును వచ్చెను. కాని తోడిపిల్లలతో సమానము కాలేకపోయెను. దేహము ఆలస్యముగనైనను బాకీ తీర్చుకొనును. మెదడు అట్లు తీర్చుకొనలేదు. నాటు కాలము దాటిన పిమ్మట చేనికి ఎంత నీరు పెట్టినను ఏమి లాభము? ఒకనాడు ఆయన నన్నడిగెను: "ఈ మాత్ర పుట్టిన కొత్తలో వేసివుంటే, బాబూ?" నేను నిజమే చెప్పితిని. "పెద్దయ్యా, మొదటి రెండువారములలో వేసినచో బడిలో అందఱివలెనే చదువుకొనియుండెడిది." ఆయన చాలసేపు మాటలాడలేదు. పిమ్మట "ఆనాడు మాకు చెప్పినవారెవరు?" అని లేచిపోయెను. ఆ ప్రశ్నకు నాకు సమాధానము లేకపోయెను. నేటి ఈ ప్రసంగము ఆయనకు నేను ఆలస్యముగా ఇచ్చుచున్న సమాధానము.

ఈ లోపమును కనిపెట్టుట కష్టము కాదు. పుట్టిన రెండుమూడు దినములకు శిశువు మడమపై సన్నగా గ్రుచ్చి, కొన్ని రక్తపుచుక్కలను కాగితముపై తీసి పరీక్షింతురు. కెనడాదేశమందలి క్విబెక్ రాష్ట్రమున 1974 ప్రాంతమున ఈ పద్ధతి మొదలిడిరి. అచ్చట అట్టి శిశువులు మందు పుచ్చుకొని, పెరిగి, ఉద్యోగములు చేసికొనుచు, సంసారములు చేసికొనుచున్నారు. మనదేశమున ఈ పరీక్ష కొన్ని యాసుపత్రులలో అడుగకయే చేయుదురు. కొన్నింట అడిగినగాని చేయరు. అడుగవలసినవారు ఇంటిపెద్దలు.

కావున పెద్దలకు నా మనవులు నాలుగు.

మొదటిది ఉప్పును గుఱించినది. మనదేశమున 2006 మే నెలనుండి, మనుష్యులు తినుటకు అయొడిన్ కలుపని ఉప్పు నమ్మరాదని శాసనము. కొనువారికి చేరునప్పటికి కిలో ఉప్పులో కనీసము 15 మిల్లీగ్రాముల అయొడిన్ ఉండవలెను. అయినను సంతలలో గోనెసంచులలోని విడి రాళ్లుప్పు చౌకగా దొరకును. పశువుల దాణాకని తెచ్చిన ఉప్పు వంటయింటికి రానీయకుడు. పొట్లముపై గుర్తు చూచి కొనుడు. తెచ్చిన ఉప్పును పొయ్యిప్రక్క మూతలేని పాత్రలో ఉంచినచో వేడికిని తడికిని అయొడిన్ తఱుగును. మూతగల జాడీలో పొడిగా నుంచుడు. కూర ఉడికిన పిమ్మట ఉప్పు వేయుడు. ఎక్కువ ఉప్పు తినుడని నా భావము కాదు. రక్తపుపోటు గలవారు తగ్గించియే తినవలెను. తినెడి కొంచెమును అయొడిన్ గలదిగా నుండవలెను.

రెండవది గర్భిణిని గుఱించినది. కోడలు గర్భవతియని తెలిసిన మొదటి నెలలోనే ఆసుపత్రికి పంపుడు. అయిదవ నెల వచ్చువఱకు బయటికి చెప్పరాదను ఆచారము కొన్ని యిండ్లలో కలదు. మెదడు ముఖ్యభాగములు ఏర్పడు కాలమంతయు ఆ మౌనములో గడచిపోవుచున్నది. ఆమెకు గొంతువాపున్నను, పూర్వము థైరాయిడ్ మందు వాడుచున్నను తప్పక వైద్యునితో చెప్పవలెను. గర్భము వచ్చినదని ఆ మందును తమంతట తాము మానరాదు. ఇతరులకు మేలుచేసినదని తమంతట తాము పుచ్చుకొనరాదు. ఈగయంతటి కప్పలను మఱువకుడు.

మూడవది, పుట్టిన ప్రతిశిశువునకు మడమ రక్తపరీక్ష చేయుమని అడుగుడు. మితిమీఱిన నిద్ర, పాలకు ఏడ్వకుండుట, బొంగురుగొంతు, విడువని పచ్చకామెర్లు, మలబద్ధము, ఉబ్బిన బొడ్డు కనబడినచో, "నెమ్మదిగల బిడ్డ" యని మురిసిపోక వెంటనే చూపుడు. అయితే చాలమంది శిశువులకు మొదట ఏ గుర్తును కనబడదు. అందుచేతనే అందఱికిని పరీక్ష కావలెను.

నాలుగవది తల్లిని గుఱించినది. బుద్ధిమాంద్యమునకు కారణములనేకములు, నేను చెప్పినవి వానిలో కొన్నియే. ఏ కారణముచేతనైనను అట్టి బిడ్డ పుట్టినప్పుడు, ఆ తల్లి పూర్వజన్మపాపమనియు, గ్రహణము చూచెననియు ఆడిపోసికొనకుడు. ఒక్కకన్ను పిల్లను ఈనిన గొఱ్ఱె ఏ పాపము చేసినది? ఇదివఱకే పుట్టి పెరుగుచున్న అట్టి బిడ్డలు మనవారే. వారికి చేతనైనంత పని, చేరదగిన బడి, నలుగురిలో మర్యాదయు కల్పించుట మన విధి.

మన పెద్దలు ఉప్పు తిన్న యింటికి ద్రోహము చేయరాదనిరి. ఆ ఉప్పు బిడ్డకు ద్రోహము చేయనిదిగా నుండునట్లు చూచుకొనుట ఇంటిపెద్ద వంతు. రేపు ఉదయము మీ వంటయింటిలోనికి పోయి, ఉప్పుజాడీ మూత తీసి, ఆ ఉప్పు ఎచ్చటిదో, ఎట్టిదో ఒకమాఱు విచారింపుడు. మీ యింట నెలలు నిండుచున్న కోడలో కూతురో యున్నచో, ఈ నాలుగు మాటలును ఆమెకును చదివి వినిపింపుడు.